స్లైడింగ్ కీబోర్డు ఫోన్ ఇప్పుడు కొనొచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాస్తాను. రోజంతా లారీ నంబర్లు, బస్తాల లెక్కలు మెసేజ్ కొట్టాలి, టచ్ మీద వేలు జారి ఒక సున్నా ఎక్కువ పడితే టెన్షన్. తెలిసినాయన పాత బ్లాక్‌బెర్రీ ప్రివ్ 4,000కు ఇస్తానంటున్నాడు. స్క్రీన్ పైకి జరిపితే కింద బటన్లు, చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు. తీసుకోనా అన్నా?

జవాబు 1: అది 2015 ఫోన్ తమ్మీ, ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగిపోయింది. బటన్లు నిజంగా బాగుంటాయి, వాటి మీద వేలు జరిపితే పేజీ కూడా కదులుతుంది. కానీ నీ పని అంకెలతో కదా, అందులో అంకెలకు వేరే వరుస లేదు, ఆల్ట్ (అక్షరం బటన్ మీదున్న అంకె పడేలా చేసే బటన్) నొక్కి కొట్టాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగి ఏళ్లయింది, బ్యాంకు యాప్ మాత్రం దాంట్లో పెట్టకు.

జవాబు 2: మహబూబ్‌నగర్ నుంచి. నా పాత స్లైడర్‌లో స్క్రీన్‌కి పోయే రిబ్బన్ కేబుల్ అరిగిపోయింది, హైదరాబాద్ దాకా తిరిగినా పార్టు దొరకలేదు, చాలా బాధేసింది. కొనేముందు ఇరవైసార్లు తెరిచి మూసి చూడు, స్క్రీన్‌లో గీతలు కనిపిస్తే వద్దు. నీ సిమ్ వేసి కాల్ కూడా చెయ్యి.

ప్రశ్న అడిగినవారు: ఆల్ట్ సంగతి తెలియదన్నా. రేపు వెళ్లి పది లారీ నంబర్లు కొట్టి చూస్తాను.