నలుగుట్ల, మొకం మీద: 'అఫ్రంట్' అనే మాట గురించి

ఊరు మొత్తానికి 'అఫ్రంట్' జరిగిందనే ఒక వాక్యంలో, ఆ ఇంగ్లిష్ మాటకు తెలుగులో 'అవమానం' అని రాస్తే సరిపోతుందా అని ఒక అన్న అడిగారు. సరిపోతుందని చాలామంది అన్నారు. నా లెక్కన సరిపోదు. జవాబు కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

అవమానం చాటుగా కూడా జరుగుతుంది. మన వెనక ఎవరో నాలుగు మాటలన్నారని నెల తర్వాత తెలిసినా అవమానమే. అఫ్రంట్ అట్లా కాదు. ఎదురుగా నిలబడి, కావాలని, పదిమందికీ కనబడేటట్టు చేసేది అది. ఆ మాట పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. లాటిన్‌లో 'ఫ్రోన్స్' అంటే నొసలు, 'అద్ ఫ్రొంతెం' అంటే మొహానికే. దాని నుంచి పాత ఫ్రెంచిలో 'అఫ్రోంతే' వచ్చింది, మొహాన కొట్టడం అని. మన మనిషి "మొకం మీద కొట్టినట్టు చెప్పిండు" అంటాడు చూడండి, అచ్చం అదే.

తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్‌లో ఈ మాటకు ఒకప్పుడు ఉత్త 'ఎదురుపడటం' అనే అర్థం కూడా ఉండేది. షేక్‌స్పియర్ నాటకంలో రాజు, హామ్లెట్‌ను ఓఫీలియాకు అనుకోకుండా అయినట్టు 'అఫ్రంట్' చేయించాలంటాడు. తిట్టించాలని కాదు, ఎదురుపడేటట్టు చేయాలని. ఆ అర్థం ఇంగ్లిష్‌లో వాడుక తప్పింది. ఫ్రెంచిలో మాత్రం క్రియకు ఇప్పటికీ ఎదుర్కోవడమనే అర్థం, నామవాచకానికేమో అవమానం. 'కన్‌ఫ్రంట్' కూడా ఈ నొసటి నుంచి వచ్చిందే. సిగ్గులేనితనానికి వాడే 'ఎఫ్రంటరీ' కూడా అంతే. రోమన్లకు సిగ్గు కనబడే చోటు నొసలు, అందుకని నొసలు లేనివాడు సిగ్గులేనివాడు. మనకు నొసలు రాతకు పోయింది, బ్రహ్మ రాసేశాక సిగ్గుకు అక్కడ జాగా లేదు. మన సిగ్గంతా మొహంలోనే. "మొకం చెల్లదు", "ఏ మొకం పెట్టుకొని పోవాలె", "మొకానికి సిగ్గుండాలె" అంటాం.

ఇక 'ఇన్సల్ట్'. దానికి మూలం లాటిన్‌లో మీదికి దూకడం. "ఊకె మీదికి ఎగురుతడు" అని మన దగ్గర అనేది గుర్తుచేసుకోండి. డాక్టర్లు మెదడుకు దెబ్బ తగిలితే దాన్ని కూడా 'ఇన్సల్ట్' అనే రాస్తారు, రిపోర్టులో చూసి కంగారు పడొద్దు.

మరి అఫ్రంట్ ఎట్లుంటుంది? మా నల్లగొండ వైపు పెండ్లిలో చూడండి. పత్రిక ఇవ్వలేదు, పిలవలేదు అంటే అది చిన్నచూపు. ఇంటికి పోయి తిట్టుకుంటాం, అయిపోతుంది. పిలిచారు, పోయారు, బంతిలో కూర్చున్నారు. విస్తరి వేశారు, నీళ్లు చల్లుకొని తుడుచుకున్నారు, ఉప్పు, పచ్చడి పడ్డాయి. అప్పుడు ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "బావా, జర లెవ్వే, ఇది మగపెండ్లోళ్ల బంతి" అంటాడు. ఒక్క బూతు లేదు, గొంతు కూడా పెంచలేదు, పైగా 'బావా' అన్నాడు. అయినా లేచి నిలబడే ఆ కాసేపట్లో బంతిలో ఉన్న తలలన్నీ ఇటు తిరుగుతాయి. అదీ అఫ్రంట్. తిట్టు లేకుండా కూడా అఫ్రంట్ ఉంటుంది, చూసే కళ్లు లేకుండా ఉండటం కష్టం. అందుకే బాధితుడు తర్వాత "తిట్టిండు" అని చెప్పడు, "నలుగుట్ల ఇజ్జత్ తీసిండు" అంటాడు. నలుగుట్ల అంటే నలుగురిలో.

ఇజ్జత్ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన నోళ్లలో పడ్డ మాట. బద్నాం, బేఇజ్జతి కూడా ఉర్దూ మీదుగా వచ్చినవే. వీటిని తీసేసి 'శుద్ధమైన' తెలుగు రాయమనేవాళ్లతో నాకు పేచీ ఉంది. సిగ్గు పక్కన శరం లేకపోతే "సిగ్గు శరం లేదా" అని ఎట్లా అడుగుతారు?

జవాబు, మిర్యాలగూడ టీచర్ మేడం: సర్, 'పరాభవం' ఉంది కదా? నలుగురిలో జరిగేది అనే ఛాయ అందులో ఉంది.

ఉంది మేడం, కాదనను. కానీ ఇప్పుడు ఆ మాటను క్రికెట్ తీసుకుపోయింది. 'ఘోర పరాభవం' అంటే పేపర్లో ఇన్నింగ్స్ ఓటమి. మూలంలోనూ ఓడిపోవడం, కిందపడటం అనే అర్థం ఉన్నదే. అరవై సంవత్సరాల్లో ఒకటి పరాభవ, 2026 ఉగాదితో మొదలయ్యే ఏడు అదే. పంచాంగంలో ఉంది కదా అని ఆ ఏడంతా అవమానాలే అనుకోనక్కర లేదు. 'అధిక్షేపం' అంటే విసరడం, 'ధిక్కారం' అంటే ఛీ అనడం, 'తిరస్కారం' అంటే పక్కకు నెట్టడం. ఒక్కొక్కటీ ఒక్కో చేష్ట. వీటిలో మొహం లేదు.

జవాబు, పాలమూరు తమ్ముడు: అన్నా, 'చెంపపెట్టు' అంటే? మొకం మీద కొట్టుడే కద!

బాగా పట్టినవ్ తమ్మీ. అర్థంలో కాకపోయినా పుట్టుకలో అదే అన్నిటికంటే దగ్గర. చిక్కు ఒక్కటే. 'ప్రభుత్వానికి చెంపపెట్టు లాంటి తీర్పు' అని రాస్తే, పడాల్సినవాడికే పడింది అనిపిస్తుంది. అఫ్రంట్‌లో తప్పు కొట్టినవాడిది, చెంపపెట్టులో తినినవాడిది. ఏ తప్పూ లేనిదాని మీద పడితే పేపర్లు 'గొడ్డలిపెట్టు' అంటాయి, కానీ అందులో అవమానం కంటే నాశనమే ఎక్కువ.

మీ పాలమూరు ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. తెలంగాణలో తెలుగు కవులు 'పూజ్యం' అని ఒకరు రాశారు. పూజ్యం అంటే పూజించదగినదీ అవుతుంది, సున్నా కూడా అవుతుంది. ఇక్కడ సున్నా. ఎంత మర్యాదైన మాటో చూడు, బంతిలో 'బావా' అన్నట్టే. దాన్ని చదివినవాళ్లు బజార్లో కొట్లాడలేదు. మీ జిల్లా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోల్కొండ కవుల సంచిక వేసి, 354 మంది కవులను తెచ్చి ముందు పెట్టారు. అంతకు ముందు 1921 నవంబరులో హైదరాబాదులో మహారాష్ట్ర సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంస్కరణ సభలో వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. అక్కడి నుంచి లేచినవాళ్లు ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఈ రెండింటికీ 'అవమానం' అని రాస్తే సగమే చెప్పినట్టు. సభలో, అచ్చులో, అందరి ఎదుట అయింది కనుకనే జవాబు కూడా అందరి ఎదుటే ఇచ్చారు.

జవాబు, కోర్టు పని చేసే ఒక అడ్వకేట్: చట్టంలో కూడా ఈ తేడా ఉంది. గొడవ రేపాలని కావాలని అవమానిస్తే పాత ఐపీసీ 504, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 352. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) ఇంకో మెట్టు ముందుకు పోయి 'పబ్లిక్ వ్యూ' అంటుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేని చోట అన్న మాట దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది.

సార్, నేను ఇంతసేపు తిప్పి తిప్పి చెప్పింది మీరు రెండు మాటల్లో చెప్పారు. 'పబ్లిక్ వ్యూ' అంటే మా ఊరి 'నలుగుట్ల'. కాకపోతే గదిలో పడ్డ మాట తినినవాడికి తేలికేమీ కాదు, చట్టం గీత ఎక్కడో ఒకచోట గీయాలి కనుక అక్కడ గీసింది.

ఇక అడిగిన అన్నకు: మీ వాక్యంలో అఫ్రంట్ ఊరు మొత్తానికి జరిగింది అంటున్నారు. 'ఊరిని అవమానించారు' అని వదిలేయకండి. 'ఊరందరి మొహం మీదే అవమానించారు' అనండి. కథ అయితే 'నలుగుట్ల ఊరి ఇజ్జత్ తీసిండ్రు' అని నిక్షేపంగా రాయొచ్చు. ఆఫీసు కాగితం అయితే 'నలుగురి ఎదుట, ఉద్దేశపూర్వకంగా' అని కలపండి, లేకపోతే పై ఆఫీసులో ఎవరో ఒకరు ఎర్ర పెన్నుతో 'ఎక్కడ, ఎవరి ముందు?' అని రాసి వెనక్కి పంపిస్తారు.