రెండు ఓర్‌లు, ఒక నోటుబుక్కు

గోదారిగట్టు:
స్నేహితురాలి ఫ్రెంచి థీసిస్ సారాంశాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ఫ్రెంచి తాత్వికుడు దెరిదా దగ్గర బండి ఆగిపోయింది. ఎప్పుడో క్లాసులో విని తెలుగు లిపిలో రాసుకున్న వాక్యం నా నోటుబుక్కులో ఇలా ఉంది: "ఓర్ ఇల్ న్యా పా ద్ ఓర్‌తెక్స్త్." రెండో ఓర్ అంటే 'బయట', సరే. మరి మొదటి ఓర్ ఆయనదేనా, మా మాస్టారు కలిపిందా? థీసిస్‌లో కూడా పేరాకొక ఓర్ తగులుతోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ప్రూఫురీడర్:
దెరిదా 1967 పుస్తకం 'ద లా గ్రామతొలొజీ'లో ఆ వాక్యం 'ఇల్ న్యా పా'తోనే మొదలవుతుంది. మొదటి ఓర్ మాస్టారిదే. మీరు చూడాల్సింది రెండోది. 1976లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన గాయత్రి స్పివాక్ 'దేర్ ఈజ్ నథింగ్ అవుట్‌సైడ్ ఆఫ్ ద టెక్స్ట్' అని, పక్కనే బ్రాకెట్లో 'దేర్ ఈజ్ నో అవుట్‌సైడ్-టెక్స్ట్' అని ఇచ్చారు. లోకం మొదటిదాన్నే పట్టుకుంది. నన్నడిగితే బ్రాకెట్లోదే సరైనది. 'రియాఁ ఓర్ ద్యు తెక్స్త్' అని ఉంటే 'నథింగ్ అవుట్‌సైడ్' అనొచ్చు. ఇక్కడ ఓర్‌తెక్స్త్ ఒకే నామవాచకం, మధ్యలో హైఫన్ ఉంది.

అచ్చాఫీసు:
ఆ నామవాచకం అచ్చు పనివాళ్ల మాట. విడిగా అచ్చువేసి పుస్తకంలో అతికించే బొమ్మల కాగితాన్ని ఓర్‌తెక్స్త్ అంటారు. మా తాతగారి బైండు పుస్తకాల్లో అలాంటివి ఉండేవి. గరుకు కాగితాల మధ్య నున్నటి ఆర్టు పేపరు, దాని మీద పల్చటి టిష్యూ. బొమ్మ ముందు పేజీ 48, వెనక పేజీ 49. బొమ్మకు మాత్రం నంబరు ఉండదు. పుస్తకంలోనే ఉంటుంది, లెక్కలో ఉండదు. అలాంటి కాగితం ఏదీ లేదని దెరిదా అంటున్నాడని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

ప్రూఫురీడర్:
బొమ్మ బాగుంది అచ్చాఫీసు గారూ. కానీ థీసిస్ సారాంశంలో ఆ కాగితానికి ఇంగ్లీషు మాట 'ప్లేటు' అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? పైగా 1988లో దెరిదా తనే, ఆ మాటకు సందర్భానికి బయట ఏదీ లేదనే తప్ప వేరే అర్థం లేదని చెప్పాడు.

అచ్చాఫీసు:
చెప్పాడు, నిజమే. అది వివరణ. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పదు.

యానాం పిల్ల:
మీ ఇద్దరూ ఆ అక్కను మొదటి ఓర్ దగ్గరే వదిలేశారు! 'మే ఊ ఏ దోంక్ ఓర్నికార్' అని ఫ్రెంచి పిల్లలు సముచ్చయాలు, అంటే వాక్యాల్ని కలిపే మాటలు, వల్లిస్తారే, అందులోని ఓర్ అది. మనుషులందరూ మర్త్యులు, ఓర్, సోక్రటీస్ మనిషి, కాబట్టి... ఆ మధ్య మెట్టు. ఇంగ్లీషులో 'నౌ' అనాలి. కనిపించిన ప్రతిచోటా 'హవెవర్' వేస్తే, లేని వ్యతిరేకత వచ్చి కూర్చుంటుంది. లాటిన్‌లో గంట, వేళ అనే 'హోరా' నుంచి పుట్టింది ఓర్. వేళ చెప్పే మాటే వాదంలో మెట్టయింది. 'నౌ'కీ అదే జరిగింది. మన 'ఇక' కూడా అంతే కదా!

గోదారిగట్టు:
'ఇక' కంటే 'మరి' దగ్గరేమో అమ్మా? "మరి సోక్రటీసూ మనిషే కదా." ఆ దీర్ఘం, ఆ 'కదా' కలిసి ఓర్ పని చేస్తున్నాయి.

తర్కం మాస్టారు:
అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. వాదంలోని ఐదు మెట్లలో, పంచావయవాల్లో, నాలుగోది ఉపనయం: "తథా చాయం", అంటే 'ఇదీ అలాంటిదే'. అన్నంభట్టు మనవాడే. 'ఇక' అంటే పాత మాట వదిలి కొత్తది ఎత్తుకున్నట్టు. ఓర్ పాతదాన్ని వదలదు. నా ఓటు 'మరి'కే.

యానాం పిల్ల:
అన్నిచోట్లా కాదు మాస్టారూ. "అందరూ అలాగే అనుకున్నారు. ఓర్..." అంటే అక్కడ ఎదురు తిరగడమే. అలాంటిచోట 'యెట్' తప్పదు.

రాత్రిబండి:
ఓర్ అంటే బంగారం కూడా. ఫ్రెంచి కవి మల్లార్మేని తలుచుకోకుండా ఎలా? 1887 నాటి ఆయన సానెట్ ఒకదాని ప్రాసలన్నీ రెండే ధ్వనులు: ఇక్స్, ఓర్. ఎవరికీ అర్థం తెలియని 'ప్తిక్స్' అందులోదే. బతుకుతెరువు కోసం ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఎడ్గర్ అలెన్ పో కవిత 'రావెన్'ని 1875లో ఫ్రెంచి వచనంలో పెట్టాడు, చిత్రకారుడు మానే బొమ్మలతో. దెరిదా మల్లార్మే మీద రాసినప్పుడు ఈ ఓర్ దగ్గర ఎంతసేపు ఆగాడో చూడండి. బంగారమా, వేళా, తర్కమా అని తేల్చకుండా మూడూ వినిపించడమే ఆ కవిత్వం. చీకటి గదిలో అద్దం అంచు మీద ఆ బంగారం ఆరిపోతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ప్రూఫురీడర్:
చెవికి సరే. కంటికి మాత్రం 'బయట' అనే ఓర్‌కు ముందు హెచ్, చివర ఎస్ ఉంటాయి. తెలుగు లిపిలో రాసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

రాత్రిబండి:
చిక్కు కాదండీ. తెలుగు లిపి చెవిని నమ్మింది, అంతే.

గోదారిగట్టు:
థీసిస్‌లో ఓర్ ఉన్న చోట్లన్నీ మళ్లీ చూశాను. ఏడు 'నౌ', రెండు 'యెట్', ఒకటి తీసేశాను. దెరిదా వాక్యాన్ని ఇంకా ముట్టుకోలేదు. ఇందాక నోటుబుక్కు లైటు కింద పెట్టి చూస్తే మొదటి ఓర్ పక్కన చిన్న గీత కనిపించింది. కామా అయితే 'మరి'. హైఫన్ అయితే నేను ఓర్‌తెక్స్త్ అని రాయబోయి, ఆగి, వాక్యం మళ్లీ మొదలుపెట్టినట్టు. ఇంకు పాకిపోయింది. ఫోటో పెడుతున్నాను, మీకేం కనిపిస్తోందో చెప్పండి.

అచ్చాఫీసు:
హైఫనే.

యానాం పిల్ల:
కామా అక్కా, తోక కనిపిస్తోంది.