అప్‌డేట్: లెమ్మీలో నా పోస్టులకు వరసగా పడుతున్న డౌన్‌ఓట్ల సంగతి తేలింది

లెమ్మీలో (రెడ్డిట్ లాంటి చర్చావేదిక, వేర్వేరు వాళ్లు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి) నేనేం రాసినా కాసేపట్లో ఒక డౌన్‌ఓటు (కింది బాణం నొక్కి వేసే వ్యతిరేక ఓటు) పడుతోందని, పైగా ఒకే పోస్టుకు రెండు సర్వర్లలో స్కోరు వేర్వేరుగా కనిపిస్తోందని అడిగాను కదా, విషయం తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

"మీ అడ్మిన్‌ని అడగండి" (అంటే సర్వరు నడిపేవాళ్లని) అన్న సలహాయే పనికొచ్చింది. ఎవరు ఏ ఓటు వేశారో అడ్మిన్లకు కనిపిస్తుంది (ఇది చాలామందికి తెలియదు). చూస్తే అన్నీ వేరే సర్వర్లోని ఒకే ఖాతా నుంచి! పేరు నాకు చెప్పలేదు, అదే మంచిదైంది. అడ్మినే వెళ్లి కదిపారు. ఆ మనిషికి నా మీద కోపమేం లేదట. 'ఆల్' ఫీడ్‌లో (అన్ని కమ్యూనిటీల, అంటే చర్చా గ్రూపుల, పోస్టులూ కలిసి వచ్చే చోట) తనకు రాని భాష కనిపిస్తే చాలు, కింది బాణం నొక్కేయడం అలవాటట. అలాంటప్పుడు కమ్యూనిటీని బ్లాక్ చేసుకోవచ్చు, లేదా సెట్టింగుల్లో తనకొచ్చిన భాషలే పెట్టుకోవచ్చు అని చెబితే మానేశారు. నేనూ ఇప్పుడు పోస్టు పెట్టేటప్పుడు భాష దగ్గర 'తెలుగు' ఎంచుకుంటున్నాను.

స్కోరు తేడాకు దీనితో సంబంధం లేదు. నా రెండో ఖాతా ఉన్న సర్వర్లో డౌన్‌ఓట్లు ఆపేశారు, బయటినుంచి వచ్చినవీ లెక్కలోకి రావు. కొందరు చెప్పినట్టు యాప్ మార్చడం, క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక డేటా) క్లియర్ చేయడం మాత్రం శుద్ధ దండగ.