కోరిక తీరలేదు, మొక్కు తీర్చాలా?

యశ్వంతపుర_నాన్న:

నేను నాస్తికుణ్ణి కాదు. గొడవ పెట్టుకోవడానికీ రాయడం లేదు. మాది హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో, యశ్వంతపురలో ఉంటున్నాం. మా వాడికి ఐదేళ్లు. తలసీమియా మేజర్, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. ఎనిమిదో నెలలో ఒళ్లంతా పాలిపోయి, పాలు తాగడం మానేస్తే పరీక్షల్లో బయటపడింది. అప్పటి నుంచి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

నేనూ మా ఆవిడా ఇద్దరం క్యారియర్లం, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మోస్తున్నవాళ్లం. ఆమె నాకు మేనమామ కూతురు. మా అమ్మకూ మామయ్యకూ పరీక్ష చేయిస్తే వాళ్లకీ ఉంది. వాళ్లకేం కాలేదు, మాకేం కాలేదు. ఇద్దరు క్యారియర్లకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెద్దమ్మాయికి రాలేదు, వీడికొచ్చింది.

వినాల్సినవన్నీ విన్నాం. పూర్వజన్మ పాపం అని ఒకావిడ, వాడి చెయ్యి నిమురుతూనే అంది. నాగదోషం అన్నారు, కుక్కే వెళ్లి సర్పసంస్కారం చేయించాం. "మోయలేని బరువు దేవుడు పెట్టడండీ" అని ఆఫీసులో ఒకాయన. మోసేది నేను కాదు కదా, సూది దిగేది వాడి చేతికి.

పోయిన వారం నాలుగుసార్లు గుచ్చితే గానీ నరం దొరకలేదు. వాడు ఏడవలేదు. "ఇంక చాలు కదా సిస్టర్" అన్నాడంతే. బ్యాగు తగిలిస్తుంటే ప్రతిసారీ అడిగేదే అడిగాడు: "నాన్నా, ఇవాళ ఎవరిది?" బ్యాగు మీద పేరుండదు. ఒక నంబరు, గ్రూపు, గడువు తేదీ, అంతే. నేనే ఏదో ఒకటి కల్పించి చెప్తాను. ఒకసారి లారీ డ్రైవరు, ఒకసారి కాలేజీ అక్క. మొన్న క్రికెటర్ కావాలన్నాడు.

అసలు విషయానికొస్తాను. ఈ జబ్బు నయం కావడానికి ఎక్కించే ఎముక మజ్జ, వాళ్లక్కది వీడికి సరిపోతే నలుగురం తిరుమల వచ్చి తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నాను. తోబుట్టువులతో సరిపోయే అవకాశమూ నాలుగింట ఒకటే. సరిపోలేదు. ఇప్పుడు మా ఆవిడ, మొక్కు మొక్కే, వెళ్దాం పద అంటోంది. నాకు ఒళ్లు మండుతోంది. వడ్డీకాసులవాడు అంటారు కదా. అసలే ఇవ్వనివాడు వడ్డీ ఎలా అడుగుతాడు?

దేవుడు మంచివాడు, అంతా ఆయన చేతిలోనే ఉంది. ఈ రెండూ నమ్ముతూ ఆ వార్డులో ఎలా కూర్చోవాలి? చదువుకున్నవాళ్లు చెప్పండి. ఓదార్పు మాత్రం వద్దు.

—

పాత_మాస్టారు:

బాబూ, ఈ అభియోగం కొత్తది కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలోనే ఉంది. ఈశ్వరుడే సృష్టికర్త అయితే ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చినందుకు వైషమ్యం, అంటే పక్షపాతం, నైర్ఘృణ్యం, అంటే దయలేనితనం, రెండు దోషాలూ ఆయనకు అంటుతాయి కదా అని. శంకరులు వానను ఉదాహరణగా చూపించారు. వాన అన్ని చేలమీదా ఒకటే. వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. ఆ విత్తనమే కర్మ. మరి మొట్టమొదటి విత్తనం ఎక్కడిది అంటే, సంసారానికి మొదలు లేదు, అనాది అన్నారు.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఈ వాదం ఈశ్వరుణ్ణి బోనులోంచి దింపుతుంది గానీ మీ పక్కన వచ్చి కూర్చోదు. ఐదేళ్లవాడి మంచం దగ్గర నిలబడి కర్మ అన్నావిడ శంకరుల్ని చదివి ఉండదు. చదివినా ఆ మాట అక్కడ అనకూడదు.

—

లెక్కలవాడు:

నేను దేవుణ్ణి నమ్మను, కాబట్టి నా దగ్గర ఆ సమాధానం లేదు. వేరే లెక్క ఒకటుంది. తలసీమియా జన్యువు ఎక్కువగా కనిపించేది మలేరియా విపరీతంగా ఉండిన ప్రాంతాల్లో. తల్లీ తండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే అది మలేరియా నుంచి కాపాడుతుందేమోనని 1949లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఊహించాడు. తర్వాతి పరిశోధనలు ఆ వైపే బలం చేకూర్చాయి. (ఆయన 1957లో మన దేశం వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. సందర్భం కాదు, కాకినాడవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను.)

అంటే మీ అమ్మమ్మ వాళ్ల పూర్వీకుల్లో ఎవరో చిన్నప్పుడు మలేరియా వచ్చీ బతికి ఉండొచ్చు, ఈ జన్యువు పుణ్యమా అని. పాపమూ లేదు, శిక్షా లేదు. ఎవరూ మీ అబ్బాయిని ఎంచుకోలేదు.

ఇంకో లెక్క. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 సార్లు. మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వచ్చు. నేను ఇచ్చి నాలుగు నెలలైంది. గ్రూపు చెప్పండి.

—

ఎస్తేర్_గుంటూరు:

అన్నా, నేను ఇక్కడే పిల్లల వార్డులో నర్సుని. మీ ఆసుపత్రి కాదులెండి, నాలుగుసార్లు గుచ్చింది నేను కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడుగుతారు, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అంటాడు యేసు. మిగతాది ఎలా అర్థం చేసుకోవాలో నాకూ పూర్తిగా తెలీదు. ఆ ఒక్క మాట చాలు నాకు, డ్యూటీలో ఎవరైనా పాపం అన్నప్పుడు అడ్డం పడడానికి.

బైబిల్లో కష్టాలన్నీ మీదపడ్డ యోబు దగ్గరికి అతని స్నేహితులు కూడా వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడైంది అంతా.

ప్రార్థన చేసిన పిల్లల్లో బాగైనవాళ్లూ ఉన్నారు, పోయినవాళ్లూ ఉన్నారు. ఎందుకో అడిగితే చెప్పలేను. ప్రార్థన మానలేదు.

ఇవి మాత్రం చెప్పగలను. గుచ్చే ముందు చెయ్యి గోరువెచ్చటి గుడ్డతో కాసేపు కాపండి, నీళ్లు బాగా తాగించండి, నరం తేలుతుంది. ఫెర్రిటిన్ పరీక్ష వాయిదా వెయ్యకండి. రక్తంతో పాటు చేరే ఇనుమే గుండెకూ కాలేయానికీ చేటు. మీ చుట్టాల్లో పెళ్లికి ఉన్న పిల్లలందరికీ హెచ్‌బీఏ2 పరీక్ష, క్యారియర్లో కాదో తెలిపే రక్తపరీక్ష, చేయించమనండి, అదీ ముహూర్తాలు పెట్టకముందే.

—

యశ్వంతపుర_నాన్న:

అందరికీ దండాలు. ఓ పాజిటివ్ అన్నా. మళ్లీ మంగళవారం వంతు.

మలేరియా సంగతి చదివాక రెండు రోజులు నిజంగా తేలిగ్గా ఉంది. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడూ పాలిపోయి ఉండేది, ఎనభై నాలుగేళ్లు బతికింది. మూడో రోజు మళ్లీ మొదలు. ఎవరూ ఎంచుకోలేదంటే తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు. ఎంచుకుని చేశారంటే, ఎవరో ముత్తాత బతికినందుకు వీడు చెల్లించడమేమిటి? ఆ లెక్క రాసినవాడు మంచివాడంటే మాత్రం ఒప్పుకోను.

మా ఆవిడ సోమవారాలు మల్లేశ్వరంలో నందితీర్థానికి వెళ్తుంది. నంది నోట్లోంచి నీళ్లు వచ్చి కింద లింగం మీద పడుతూ ఉంటాయి. ఈసారి నేనూ వెళ్లాను, దణ్ణం పెట్టలేదు. ఆ ధార చూస్తూ నాకు తెలియకుండానే చుక్కలు లెక్కపెడుతున్నాను. వార్డులో అదే పని, నాలుగు గంటలు. ఆవిడ చూసి నవ్వింది. ఏం అడిగావు అన్నాను. "ఏం అడగలేదు. నువ్వు అరుస్తావుగా, ఇద్దరి తరఫునా" అంది.

—

పాత_మాస్టారు:

అరవడం మన దగ్గర భక్తిలోనే జమ బాబూ. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో రాముణ్ణి ఎన్ని మాటలన్నాడు! సీతమ్మ చింతాకు పతకం దగ్గర్నుంచి ఏ నగ ఎవరికి చేయించానో లెక్క చదివాడు, ఎవడి సొమ్మనుకున్నావని నిలదీశాడు. అదే పాటలో, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా అనీ అన్నాడు. వినేవాడు లేడనుకుంటే అంత వివరంగా తిట్టడు.

—

యశ్వంతపుర_నాన్న:

ఆయన్ను విడిపించారు కదా మాస్టారూ.

—

పాత_మాస్టారు:

పాట పాడేనాటికి కాదు.

—

యశ్వంతపుర_నాన్న:

అవును.

మా ఆవిడ నిన్న రాత్రి తిరుపతి బస్సుకి నాలుగు టికెట్లు తీసింది, వచ్చే నెల ఎక్కించిన మర్నాటికి, వాడికి అప్పుడే కాస్త ఓపిక ఉంటుందని. రద్దు చెయ్యమనలేదు, వస్తాననీ అనలేదు. గుండంటే వాడు ససేమిరా అంటున్నాడు. క్రికెటర్లకు జుట్టు ఉండాలట. కావాలంటే నాన్నది రెండుసార్లు తీసుకోమని చెప్పమన్నాడు.