సాలీడు కరిచిందంటున్న నల్లపుండు: ఊర్లో ఏం చేయాల, ఎప్పుడు పరిగెత్తాల?

పెన్నా గట్టు:
తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో, శనగ కోతల్లో పనిచేసేవాళ్లకు చెయ్యో కాలో ఎర్రబడి నడుమ నల్లగా అయితే ‘సాలెపురుగు కరిచినాది’ అంటారు. సున్నం పూస్తారు, కాపడం పెడతారు, కొందరు బ్లేడుతో గాటు కూడా పెడతారు. బ్రౌన్ రెక్లూజ్ అనే సాలీడు కరిస్తే కండ కుళ్లిపోతాదని వీడియోలు చూసి ఇప్పుడు ఇంకా భయపడతా ఉన్నారు. నిజంగా అదే కరిస్తే ఎట్లుంటాది? విరుగుడు ఇంజెక్షన్ ఉందా? కుష్ఠుకు వాడే డాప్సోన్ మాత్ర దీనికి మంచిదేనా?

వార్డు డ్యూటీ:
బ్రౌన్ రెక్లూజ్ ఉండేది అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాల్లో. అదే లాక్సోసెలీస్ ప్రజాతిలోని ఇంకొన్ని సాలీళ్లు చిలీ, పెరూ, బ్రెజిల్‌లలో ఉన్నాయి. మధ్యధరా ప్రాంతపు రూఫెసెన్స్ రకం సరుకుల వెంట చాలా దేశాలకు పాకింది, మన దేశంలోనూ నమోదైంది. కాబట్టి అసాధ్యం అనను. కానీ అనంతపురంలో నల్లపుండు కనబడితే అది ఆఖరి అనుమానం కావాల.

కరిచినప్పుడు పెద్దగా తెలియదు. 2 నుంచి 8 గంటల్లో మంట, నొప్పి పెరుగుతాయి. నడుమ ఊదారంగు, దాని చుట్టూ పాలిపోయిన తెల్లటి వలయం, బయట ఎరుపు. విషంలోని స్ఫింగోమయలినేజ్-డి అనే ఎంజైమ్ వల్ల సన్న రక్తనాళాలు పూడుకుపోయి, రక్తమందక నడిమి చర్మం చస్తుంది. అందుకే ఆ పుండు పొడిగా, కాస్త గుంటపడినట్లు ఉంటుంది. ఉబ్బి, చీము కారుతూ, నడుమ ఎర్రగా ఉంటే అది ఎక్కువసార్లు స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల లేచిన సెగ్గడ్డే. ఒకేసారి నాలుగైదు పుండ్లు లేచినా సాలీడు కాదు.

సబ్బునీళ్లతో కడగండి. గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టండి. వేడికి ఆ ఎంజైమ్ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది, కాపడం అసలు వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి చెయ్యి ఎత్తుగా పెట్టాల. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయండి, రేపు చూసే డాక్టరుకు అదే పెద్ద ఆధారం. టీటీ ఇంజెక్షన్, నొప్పికి పారాసెటమాల్. చీము పడితేనే యాంటీబయాటిక్. చాలా కాట్లు ఇంతటితోనే మానిపోతాయి.

గాటు పెట్టడం, మొదటి రోజుల్లోనే కోసి తీసేయడం పుండును పెద్దది చేస్తాయి. నల్లపొక్కు హద్దు తేలడానికి వారాలు పడుతుంది. కత్తి పని, చర్మం అతకడం ఆ తర్వాతే.

విరుగుడు సీరం బ్రెజిల్ లాంటి దేశాల్లో ఉంది, మన దగ్గర లేదు. పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకే, సాలీడుకు పనిచేయదు. డాప్సోన్ మేలు చేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. జి6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఎర్రకణాల ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లకు ఆ మాత్రే రక్తకణాలను పగలగొడుతుంది. విషం ఒళ్లంతా పాకినప్పుడు చేసే పెద్ద చెడూ అదే కనుక, తర్వాత ఏది దేనివల్లో తేల్చలేం.

మైక్రోస్కోప్ (కడప):
పుండు కంటే మూత్రం మీద కన్నేయండి. విషానికి ఎర్రకణాలు పగిలేది సాధారణంగా 1 నుంచి 3 రోజుల్లో, పిల్లల్లో ఎక్కువ. పుండు చిన్నదైనా ఇది రావచ్చు. మూత్రం కషాయం రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, జ్వరం, నీరసం వచ్చినా ఆగకుండా పెద్దాసుపత్రికి. మూత్రం స్ట్రిప్పులో రక్తం పాజిటివ్ వచ్చి, మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనబడకపోతే అది హిమోగ్లోబిన్ కావచ్చు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రోజూ పోల్చాల. సన్నసూదితో గట్టిగా లాగితే సిరంజిలోనే కణాలు పగిలి రిపోర్టు తప్పుతుంది, నిదానంగా తీయండి. వైద్యం సెలైన్, రక్తం ఎక్కించడం, కిడ్నీ దెబ్బతింటే డయాలసిస్.

వార్డు డ్యూటీ:
ఇంకొకటి, ఇదే నాకు ఎక్కువ భయం. నొప్పిలేని నల్లపొక్కు, దాంతోపాటు జ్వరం, తలనొప్పి ఉంటే స్క్రబ్ టైఫస్ అనుకోండి. సిగరెట్‌తో కాల్చినట్లు ఉంటుంది. నల్లి జాతి (మైట్, మంచం నల్లి కాదు) పురుగు పిల్ల కుడితే వచ్చేది. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద ఆ పొక్కు దాక్కుంటుంది, బట్టలు తీసి వెతక్కపోతే దొరకదు. పెద్దలకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 రోజులు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్‌లకు ఇది లొంగదు. సాలీడు అనుకుని వాటితో వారం గడిపితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పుండు నొప్పి లేదంటే జ్వరం సంగతి అడక్కుండా పంపొద్దు.

కొండారెడ్డి బురుజు:
రాత్రి నేలమీద పండుకున్నప్పుడు ఏదో కుట్టిందంటే మొదట పామే అనుకోవాల. కట్లపాము కాటుకు గుర్తు కూడా ఉండదు. రెప్పలు వాలుతున్నాయా చూడండి. పీహెచ్‌సీలో పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచితే, గడ్డకట్టకుండా జారితే పింజర విషం. ట్యూబు కొత్తదై ఉండాల. ప్లాస్టిక్‌దైనా, సబ్బుపొడితో కడిగినదైనా ఫలితం తప్పుతాది.

పెన్నా గట్టు:
మేలు సార్. పురుగు దొరికితే చంపి తేవచ్చా?

మైక్రోస్కోప్ (కడప):
నలగ్గొట్టొద్దు. గ్లాసు బోర్లించి, కింద అట్ట జరిపి, స్పిరిట్ పోసిన సీసాలో వేయండి. బ్రౌన్ రెక్లూజ్‌కు వీపు మీద ఉండే ఫిడేలు గుర్తు ఒక్కటే నమ్మలేం, వేరే సాలీళ్లకూ అలాంటి మచ్చలుంటాయి. భూతద్దంతో కళ్లు లెక్కపెట్టాల. చాలా సాలీళ్లకు 8, దీనికి రెండేసి చొప్పున 3 జతలు, మొత్తం 6. కాళ్ల మీద చారలు ఉంటే అది కాదు.