1971 జీపు: హరికేన్ ఇంజన్‌ను బాగుచేయించాలా, డీజిల్ ఇంజన్ వేయించాలా?

కానూరు వాస్తవ్యుడు:
సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు నూజివీడు మామిడి తోటకు వెళ్లి రావడానికి వాడిన 1971 మహీంద్రా సీజే 3బీ జీపు చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉండిపోయింది. చాసిస్‌కు తుప్పు పైపైనే పట్టింది. బాడీ టింకరింగ్‌తో నిలబడుతుంది. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి చూస్తే పళ్లు బాగానే ఉన్నాయి. చిక్కంతా ఇంజన్‌తోనే వచ్చింది. 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్ బిగుసుకుపోయింది. హెడ్డు విప్పించగా మూడో సిలిండరు దగ్గర ఎగ్జాస్ట్ వాల్వు సీటు నుంచి బోరు వైపు సన్నని పగులు కనిపించింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డువారు పగులు కుట్టి, స్లీవు (సిలిండరు లోపల దించే కొత్త గొట్టం) వేసి ఇంజన్‌ను నిలబెడతామంటున్నారు. ఆ పక్క షెడ్డువారు దానిమీద డబ్బు పెట్టవద్దని, పాత మహీంద్రా ఎంఎం 540 జీపు నుంచి తీసిన ప్యూజో (ఫ్రెంచి కంపెనీ) డీజిల్ ఇంజన్ తమ దగ్గర సిద్ధంగా ఉందని చెబుతున్నారు. బండిని ప్రదర్శనలకు తిప్పే ఉద్దేశం నాకు లేదు, తోటకు వెళ్లి రావాలి. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పాతబండి:
ఆ ఇంజన్‌ను బండి నుంచి వేరు చేసి ఎవరికీ ఇవ్వవద్దని మొదటగా వేడుకుంటున్నాను. హరికేన్ ఎఫ్-హెడ్ ఇంజన్. అంటే ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. మండిన వాయువుల వేడి మొత్తం బ్లాకులోని ఆ సన్నని గోడ మీదే పడుతుంది కనుక, రేడియేటరు పూడిపోయిన బండిని కొన్నాళ్లు అలాగే నడిపితే సరిగ్గా మీరు చెప్పిన చోటే పగులుతుంది. ఇది ఆ ఇంజన్‌కు తెలిసిన జబ్బే, దానికి తెలిసిన వైద్యమూ ఉంది. పోత ఇనుమును తగినంత వేడి చేయకుండా వెల్డింగ్ పెడితే పక్కనే కొత్త పగులు పుడుతుంది కాబట్టి వెల్డింగ్‌కు మాత్రం ఒప్పుకోకండి. పగులు పొడవునా రంధ్రాలు వేసి, ఒకదానిలోకి ఒకటి దిగేలా మరలు బిగించి కుట్టించాలి; ఆ తర్వాత స్లీవు, కొత్త వాల్వు సీటు వేయించాలి. మరో సంగతి కూడా గుర్తుంచుకోండి. 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉంటేనే ఆ అర్హత దక్కుతుంది. డీజిల్ ఇంజన్ దిగిన రోజున మీ బండి దానిని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది.

కొండవీడు రైతు:
అడిగినవారు ప్రదర్శనకు కాదు, తోటకు అని స్పష్టంగా రాశారు. దానిని పక్కనపెట్టి వింటేజ్ నంబరు గురించి చెప్పడం సమాధానం కాదు. నేను ఫిరంగిపురం వైపు మిరప, పత్తి వేసే రైతును. మా ఇంట్లో కూడా ఇదే జీపు ఉంది, ఇదే ఇంజన్ ఉండేది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్బురేటరు గాస్కెట్లు దానికి తట్టుకోలేవు. బండి నెల రోజులు కదలకపోతే ఇథనాల్ తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. మైలేజీ సంగతి చెప్పనక్కరలేదు. మహీంద్రా కంపెనీయే తన జీపుల్లో మొదట ఇంటర్నేషనల్ ట్రాక్టరు డీజిల్ ఇంజన్, ఆ తర్వాత 2112 సీసీ ప్యూజో ఇంజన్ వేసి దేశమంతా అమ్మింది. కంపెనీ చేసిన పనినే మన ఆటోనగర్ మేస్త్రి చేస్తే అది తప్పెలా అవుతుంది? పైగా వానకు తడిసిన నల్లరేగడిలో బండిని బయటికి లాగేది డీజిలే. పెట్రోలు జీపుకు ఆ లాగుడు ఎక్కడిది?

పాతబండి:
లాగుడు గురించి మీరు రాసింది ఊళ్లో అందరూ అనుకునే మాటే కానీ లెక్కకు నిలవదు. హరికేన్ సుమారు 70 అశ్వశక్తి ఇస్తుంది, ప్యూజో 62 మాత్రమే. అశ్వశక్తిని వదిలేసి టార్క్ (ఇంజన్ తిప్పే బలం) చూసినా హరికేన్ గరిష్ఠ టార్క్ నిమిషానికి 2000 తిరుగుళ్ల దగ్గరే వస్తుంది, అదీ ప్యూజో కంటే ఎక్కువే. డీజిల్ అనగానే లాగుడు ఎక్కువ అన్న నమ్మకం ట్రాక్టర్ల నుంచి వచ్చింది. ప్యూజో ట్రాక్టరు ఇంజన్ కాదు, కార్ల కోసం పుట్టిన కుటుంబానికి చెందినది.

కొండవీడు రైతు:
మీరు చెప్పే అంకెలు కొత్త ఇంజన్‌వి. అరిగిపోయి, పగిలి, కుట్లు పడిన ఇంజన్ ఆ 70 అశ్వశక్తి ఇస్తుందని ఎవరు హామీ ఇస్తారు? నేను పొలంలో దిగబడిన బండిని చూసి మాట్లాడుతున్నాను, పుస్తకం చూసి కాదు.

పాతబండి:
షెడ్డులో సిద్ధంగా ఉందంటున్న ఆ ప్యూజో మాత్రం కొత్తదా? అది కూడా ఎవరో అరగదీసి వదిలేసినదే. దాని బోరు, క్రాంకు కొలవకుండా ఏ లెక్కన మేలైనదంటున్నారు?

సత్యనారాయణపురం:
నూజివీడు తోటల్లో నల్లరేగడి లేదండీ, ఎర్రనేల. ఆ చర్చ అక్కడితో ఆపవచ్చు.

లేతు మేస్త్రి:
ఆటోనగర్‌లో ఈ పని చేసేవాడిగా రెండు విషయాలు చెప్పాలి. మీ జీపు ఇరుసుల పళ్ల నిష్పత్తి 5.38, అంటే షాఫ్టు 5.38 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. గేర్‌బాక్సులో మూడే గేర్లు. 6.00-16 టైర్లతో టాప్ గేరులో ఇంజన్ 3000 తిరుగుళ్లు తిరిగితే బండి వేగం గంటకు 75 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. అంతకంటే తక్కువ తిరిగే ట్రాక్టరు తరహా డీజిల్ వేస్తే హైవే మీద లారీలు వెనక నుంచి హారన్ కొడుతూనే ఉంటాయి. ప్యూజో ఇంకా పైకి తిరుగుతుంది కాబట్టి అది కొంత నయం, కానీ ఎంఎం 540కి వచ్చిన నాలుగు గేర్ల బాక్సుతో కలిపి దించితేనే దాని ఫలితం దక్కుతుంది. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవు సరిచేయాలి, ఇంజన్ దిమ్మలు మార్చాలి, ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ సంపు ముందు ఇరుసుకు తగలకుండా చూడాలి. పాత మూడు గేర్ల బాక్సుకే కలపాలంటే బెల్ హౌసింగ్‌కు (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే కవచం) అడాప్టరు ప్లేటు కోయాలి. ఆ ప్లేటు కేంద్రం కొద్దిగా తప్పినా గేర్‌బాక్సు షాఫ్టు కొసను పట్టి ఉంచే పైలట్ బేరింగ్ పోతుంది, ఆ తర్వాత గేరు జారుతుంది. ఇక రెండోది బ్రేకులు. ఇంతసేపటిలో ఎవరూ వాటి మాట ఎత్తలేదు. డీజిల్ ఇంజన్ బరువు ముందు పట్టీల మీద పడుతుంది. ఈ జీపు బ్రేకులు చిన్న డ్రమ్ములు, ఒకే సర్క్యూట్. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. బ్రేకు తొక్కుడును తేలిక చేసే బూస్టరు పెడదామంటే, దాన్ని నడిపే మానిఫోల్డ్ వాక్యూమ్ (గాలి గొట్టంలో పుట్టే పీల్పు) డీజిల్ ఇంజన్‌కు ఉండదు, ఆల్టర్నేటరుతో వాక్యూమ్ పంపు పెట్టాలి. ఏ ఇంజన్ వేసినా బ్రేకుల పని పూర్తయ్యాకే బండిని రోడ్డెక్కించండి.

గుంటూరు మిర్చి:
మేస్త్రిగారి మాట బంగారం. మే నెల ఎండలో రేడియేటరు సంగతి కూడా చూసుకోవాలి.

కొండవీడు రైతు:
బ్రేకుల విషయంలో మేస్త్రిగారితో నేను ఏకీభవిస్తాను. అయినా నా మాట నిలిచే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువుల కోసం పాల ప్యాకెట్లు, మంచినీళ్లు వేసుకుని ఇదే డీజిల్ జీపులో వెళ్లాను. స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటరు తడిసిన పెట్రోలు బండ్లు దారి పొడవునా ఆగిపోయి ఉన్నాయి. డీజిల్‌కు స్పార్కు అవసరం లేదు కనుక మా బండి ఆగలేదు. ఆపదలో పనికిరాని బండికి ఎంత చరిత్ర ఉంటే ఏం లాభం?

పాతబండి:
మీరు అక్కడికి వెళ్లి సాయం చేసినందుకు గౌరవిస్తున్నాను. అయితే దానిని ఇంజన్‌కు రుజువుగా చూపడం సరికాదు. సైన్యానికి తయారైన విల్లీస్ ఎం 38 జీపులకు నీరు చొరని ఇగ్నిషన్ ఉండేది. డిస్ట్రిబ్యూటరును, వైర్లను కట్టుదిట్టం చేస్తే పెట్రోలు ఇంజన్ కూడా నీళ్లలో నడుస్తుంది. డీజిల్ గాలి గొట్టంలోకి నీళ్లు వెళితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టం ఇంకా పెద్దది.

నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. మా నాన్నగారి జీపుకు కూడా ఇదే సలహా ఇచ్చారు. ఒక షెడ్డులో పెట్రోలు ఇంజన్ దించి, పక్కన భద్రంగా ఉంచుతామని మాట ఇచ్చి డీజిల్ వేశారు. ఏడాది తర్వాత అడిగితే తుక్కుకు తూచి అమ్మేశామన్నారు. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఉన్నది మరొకటి కావడంతో రెన్యువల్ తనిఖీలో ఆ బండి ఆగిపోయింది. నాన్నగారు మళ్లీ దానిని నడపలేదు. అందుకే ఎవరైనా అంత తేలికగా డీజిల్ వేయించమని చెబితే నాకు కోపం వస్తుంది.

కొండవీడు రైతు:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ అన్యాయం చేసింది మాట తప్పిన షెడ్డువాడు, డీజిల్ ఇంజన్ కాదు. నా కోపానికి కూడా కారణం ఉంది, అదీ వినండి. జీపుల అభిమానులు ఏర్పాటు చేసిన ఒక కలయికకు మా బండిని తీసుకువెళితే "ఇది చెడగొట్టిన బండి" అని వరుస నుంచి తప్పించి చెట్టు కింద పెట్టించారు. మా నాన్న ఆ బండిలో ఎరువుల బస్తాలు మోశారు, పురిటి నొప్పులు పడుతున్న వాళ్లను గుంటూరు ఆసుపత్రికి చేర్చారు. ఆ తర్వాత మా పక్క ఊళ్లో ఇంకొక జీపును నేను బేరం ఆడుతుంటే నగరం నుంచి వచ్చిన ఒక సేకర్త నేను ఇవ్వలేని ధర ఇచ్చి పట్టుకుపోయాడు. అది ఇప్పుడు గాజు తలుపుల వెనక నిలబడి ఉందట. పొలానికి పుట్టిన బండిని పొలం నుంచి తీసుకుపోయి, పొలంలో మిగిలిన వాటిని చెడిపోయినవి అంటున్నారు. ఇంతసేపూ మనం టార్క్ గురించి కొట్లాడాం కానీ నాకు బాధ కలిగించింది ఇదే.

పాతబండి:
మీ బండిని చెట్టు కింద పెట్టించినవారిలో నేను లేను, ఆ పని తప్పని కూడా అంటాను. కానీ వాడకం ఒక్కటే కొలమానం అయితే పదేళ్లలో ఈ జిల్లాలో ఒక్క హరికేన్ శబ్దం కూడా వినిపించదు. తాత నడిపినది ఏమిటో మనవడికి చూపించడానికి ఏదో ఒకటి మిగలాలని నేను కోరుకుంటున్నాను. మీరు బండి పనిలో ఉంటేనే బతికినట్టు అంటున్నారు. ఈ విషయంలో మనిద్దరికీ రాజీ కుదరదని ఇప్పుడు అర్థమైంది.

ఆర్సీ పుస్తకం:
ఇద్దరూ వదిలేసిన చోటు ఒకటుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీ పనులకు తిప్పడానికి వీల్లేదు; ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి పనులకే అనుమతి. కొత్తగా తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కనుక తోటకు వెళ్లాలనుకునేవారికి ఆ దారి పనికిరాదు. అటు డీజిల్ దారి కూడా నల్లేరు మీద నడక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పిడికి రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి. ఇక్కడ ఇంజన్ నంబరు మాత్రమే కాదు, ఇంధనం కూడా మారుతోంది. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అనుమతి లేకుండా మారిస్తే 182ఏ సెక్షన్ కింద శిక్ష ఉంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అభ్యంతరం చెబుతుంది. రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకముందు ఏ ఇంజన్‌కూ అడ్వాన్సు ఇవ్వకండి. అసలు ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది?

కానూరు వాస్తవ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఆర్సీ ఇప్పటికీ తాతగారి పేరు మీదే ఉంది, రెన్యువల్ కూడా ఎప్పుడో దాటిపోయింది. మా నాన్నగారికీ పెదనాన్నగారికీ సమాన హక్కు ఉన్న బండి ఇది. పెదనాన్నగారు డీజిల్ అంటున్నారు, నాన్నగారు తాతగారి ఇంజనే ఉండాలంటున్నారు. మా ఇంట్లో తెగని విషయమే ఇక్కడికి తెచ్చానని మీ మాటలు చదివాక అనిపించింది.

ఆర్సీ పుస్తకం:
అయితే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించండి. మిగతా వారసుల సమ్మతి పత్రం జత చేయాలి. ఆ తర్వాత ఫారం 25తో రెన్యువల్. ఈ రెండూ అయ్యేదాకా చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీలో ఉన్నట్టే బండి మీద కనిపించాలి.

కొండవీడు రైతు:
బ్లాకును ప్రెషర్ టెస్టు చేయించినప్పుడు ఆ పగులు నీటి జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారి) దాకా వెళ్లిందని తేలితే నేను రాసినది మీ నాన్నగారికి చదివి వినిపించండి. ఆయనను నొప్పించడం నా ఉద్దేశం కాదు, బండి కదలాలన్నదే నా కోరిక.

పాతబండి:
అలా తేలినా బ్లాకును ఎవరికీ ఇవ్వకండి. దాని మీద ఉన్న నంబరే మీ బండి.

లేతు మేస్త్రి:
బ్లాకును ప్రెషర్ టెస్టుకు తెచ్చేటప్పుడు హెడ్డు, క్రాంకును పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులు కూడా తెచ్చుకోండి. క్యాపులను ఏది ఏ స్థానానిదో, ఏ వైపు ముందుదో గుర్తు పెట్టి విప్పాలి. ఆ బ్లాకుతో కలిపి కోసిన క్యాపులవి, మరొక బ్లాకువి దీనికి సరిపోవు. బ్లాకు మీద ఇంజన్ నంబరు ఉన్న చోట గ్రైండరు ఎవరినీ పెట్టనివ్వకండి.