బొగ్గు వద్దంటరు, గ్యాస్‌కు మాత్రం గ్రీన్ లేబులా? యూరప్ లెక్క ఏందసలు?

హన్మకొండ_రూం_నంబర్_3:
అన్నలు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి. గ్రూప్ 1 మెయిన్స్‌కు చదువుతాన్న, ఎన్విరాన్‌మెంట్ కాడ ఆగిపోయిన. యూరోపియన్ యూనియన్ 2050 కల్లా నెట్ జీరో (గాలిలకు ఒదిలే కార్బన్, తీసేసే కార్బన్ సమానం) అంటది, బొగ్గు బంజెయ్యాలంటది, మళ్ల 2022ల గ్యాస్ ప్లాంట్లను టాక్సానమీ అనే గ్రీన్ పెట్టుబడుల లిస్టుల చేర్చింది. గ్యాస్ గూడ నేలల నుంచి తీసేదే కదా. మా బాపు సింగరేణిల చేసి రిటైరైండు, ఇది చెప్తే "వాళ్లు కాలిస్తే ఊదుబత్తి, మనం కాలిస్తే పొగనా" అన్నడు. నాకు జవాబు దొరకలే.

చెల్పూరు_బి_షిఫ్ట్:
తమ్మీ, బాపు మాట సగం నిజం. ఒక యూనిట్ కరెంటుకు బొగ్గుతోని వచ్చే కార్బన్‌ల గ్యాస్‌ది సుమారు సగమే, బూడిద అసలే ఉండది, ఆ బూడిద బాధ ఏందో మాకు తెలుసు. ఇంకోటి, చల్లబడ్డ బాయిలర్ మళ్ల లైన్ల పెట్టాల్నంటే గంటలు గంటలు పడ్తది, గ్యాస్ టర్బైన్ జల్ది ఎత్తుకుంటది, పొద్దుగూకి సోలార్ పడిపోయినంక గదే కావాలె.
లేబుల్ గూడ ఉత్తగ ఇయ్యలే. యూనిట్‌కు 270 గ్రాముల లోపే కార్బన్ రావాలన్నరు, కొత్త గ్యాస్ ప్లాంట్‌కే 350 దాక అయితది, మామూలుగ అయితే ఏదీ పాస్ కాదు. అందుకే ఇంకో దారి పెట్టిన్రు, 20 ఏండ్ల సగటు తీస్తే ప్లాంట్ కెపాసిటీల ఒక్కో కిలోవాట్‌కు ఏడాదికి 550 కిలోల కార్బన్ దాటొద్దు. లెక్క వేస్కో, 550 కిలోలను ఆ 350 గ్రాములతోని భాగిస్తే, ఏడాదిల 8760 గంటలుంటే ఒక 1600 గంటలే నడుస్తది. పర్మిషన్ 2030 లోపు తీస్కోవాలె, పాత బొగ్గు ప్లాంటో ఆయిల్ ప్లాంటో తీసేసి ఆ జాగల పెట్టాలె, 2035 కల్లా హైడ్రోజన్ లాంటి వాటికి మారాలె. అయినా వాళ్లల్ల వాళ్లకే పడలే, పార్లమెంటుల 278 మంది వద్దన్నరు, ఆపాల్నంటే 353 ఓట్లు కావాలె. ఆస్ట్రియా అయితే కోర్టుకే పోయింది.

ఖని_పిలగాడు:
అన్నా నువ్వు చిమ్నీ కాడి లెక్కే చెప్పినవ్, పైపుల లీకయ్యేది ఎవరు చెప్పాలె? ఈ గ్యాస్ అంటే ఎక్కువగ మీథేనే, అది 20 ఏండ్ల లెక్కల కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడి పట్టుకుంటది, లీకులు ఎక్కువైతే ఆ సగం లాభం గూడ పాయె. 2024ల గానీ దానికి చట్టం తేలే.
అసలు దెబ్బ అది గూడ కాదు. 2021ల వాళ్లు బయటినుంచి తెచ్చుకున్న గ్యాస్‌ల 45 శాతం దాక రష్యాదే, యుద్ధం వచ్చింది, పైపు బందైంది, 2022 ఆగస్టుల రేటు మెగావాట్ అవర్‌కు 300 యూరోలు దాటింది, జర్మనీ పక్కకు పెట్టిన బొగ్గు ప్లాంట్లను మళ్ల ముట్టిచ్చింది. మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ఓడల్ల తెచ్చే ఎల్‌ఎన్‌జీ ఎంత రేటైనా కొన్నరు. ఆ పోటీల పాకిస్తాన్, బంగ్లాదేశ్ అసొంటోళ్లకు ఓడలు దొరకక కరెంటు కోతలు.
మనకేంది అనుకోకు. రామగుండంల పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతోని నడిచేది, ఇప్పటిది గ్యాస్‌దే, గ్యాస్ రేటు పెరిగితే యూరియా తయారీ ఖర్చు గూడ పెరుగుతది. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలకే వస్తాందని మనకు తెలుస్తలేదు గని 2022-23ల ఎరువుల సబ్సిడీ 2.5 లక్షల కోట్లు దాటింది.

హన్మకొండ_రూం_నంబర్_3:
వామ్మో. మరి మనం గూడ గ్యాస్ మీదికి పోవచ్చు కదా అన్నా?

చెల్పూరు_బి_షిఫ్ట్:
గ్యాస్ ఏది తమ్మీ? కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ల మస్తు పడ్డదని ఆంధ్రల ప్లాంట్లు కట్టిన్రు, గ్యాస్ తగ్గేసరికి ఏండ్లకేండ్లు ఖాళీగ పడున్నయ్. మనకు చేతిలున్నది బొగ్గు, నెత్తిమీదున్నది ఎండ.

హన్మకొండ_రూం_నంబర్_3:
బాపుకు ఆ 1600 గంటల లెక్క చెప్పిన. "మరి మిగిలిన 7000 గంటలు ఆ ప్లాంట్ల పనోళ్లు ఏం జేస్తరు, జీతం ఎవలిస్తరు" అని అడుగుతాండు. అన్నా డ్యూటీ దిగినంక జర చెప్పు.